డీఎన్ఏలో కరెంటు, దాని చుట్టూ ఉన్న నీరు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ సభలో సైన్సు మీద ఓ అరగంట మాట్లాడమని కార్యవర్గం వారు అడిగారు. నేను ట్రాన్స్‌ఫార్మర్ల గురించో, సోలార్ కరెంటు గురించో చెబుతానని వాళ్ళు అనుకుని ఉంటారు. ముప్పై ఏళ్ళుగా హైటెన్షన్ లైన్లతో కాపురం చేస్తున్నవాణ్ణి కాబట్టి అలా అనుకోవడం సహజమే. నేను మాత్రం డీఎన్ఏ గురించి మాట్లాడదలచుకున్నాను. డీఎన్ఏ గుండా కరెంటు పోతుందా, పోదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడంలో దాని చుట్టూ ఉన్న నీటి పాత్ర ఏమిటి? ఇదీ విషయం. నేను జీవశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. ఈ ప్రశ్న నన్ను ఇంజనీరుగానే పట్టుకుంది. ఈ రోజు మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో స్వర్ణోత్సవ నిధి ఖర్చు మీద తీర్మానం చేయబోతున్నాం కదా, దానికి సంబంధించిన మాట కూడా ఒకటి చివర్లో చెబుతాను.

నాకు బాగా తెలిసిన చోటి నుంచే మొదలుపెడతాను. లైను టవర్ల మీద గోధుమరంగు పింగాణీ పళ్ళేలు దండలా వేలాడటం మీరంతా చూసే ఉంటారు. అవి ఇన్సులేటర్లు. మన పాఠ్యపుస్తకం ప్రకారం పింగాణీ విద్యుత్ బంధకం, దాని గుండా కరెంటు పోదు. అది నిజమే. కానీ సముద్రానికి దగ్గరగా ఉన్న సబ్‌స్టేషన్‌లో, పుష్యమాసపు తెల్లవారుజామున, మంచు కురుస్తున్నప్పుడు ఆ పింగాణీ దండల కింద నిలబడి చూడండి. చిటపటమని చప్పుడు వినిపిస్తుంది. ఒక్కోసారి నీలి వెలుగు పాకడం కనిపిస్తుంది. సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు పింగాణీ మీద సన్నటి పొరగా పేరుకుంటుంది. ఎండలో ఆ పొర వల్ల ఏ బాధా ఉండదు. మంచుకు తడిసిందంటే ఉప్పునీటి పొర అయి కూర్చుంటుంది, కరెంటు దాని మీదుగా పాకుతుంది. అది శృతి మించితే మెరుపు కొట్టినట్టు ఫ్లాష్‌ఓవర్ అయి లైను ట్రిప్పవుతుంది. అదే పెద్దవాన కురిస్తే ఉప్పు కొట్టుకుపోయి ఇన్సులేటరు మళ్ళీ మామూలుగా పనిచేస్తుంది.

అందుకే ఇన్సులేటరు ఉపరితలం పొడవు ఎంతుండాలో నిర్ణయించే అంతర్జాతీయ ప్రమాణంలో చుట్టుపక్కల పరిస్థితికి పెద్దపీట వేశారు. శుభ్రమైన గాలి ఉన్నచోట కిలోవోల్టుకు 16 మిల్లీమీటర్లు సరిపోతే, ఉప్పుగాలి బాగా కొట్టే చోట 31 మిల్లీమీటర్లు పెట్టమంటారు. పింగాణీ అదే, వోల్టేజీ అదే, మారింది చుట్టూ ఉన్న గాలి. కాబట్టి "పింగాణీ మీదుగా కరెంటు పోతుందా?" అని అడిగితే అనుభవం ఉన్న లైన్‌మన్ వెంటనే జవాబు చెప్పడు. "ఎక్కడండీ? ఏ కాలంలో?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. డీఎన్ఏ విషయంలో శాస్త్రవేత్తలు ఈ ఎదురు ప్రశ్న దగ్గరికి రావడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

డీఎన్ఏ అంటే మెలితిరిగిన నిచ్చెన అని మనం చదువుకున్నాం. పక్కకర్రలు రెండూ చక్కెర, ఫాస్ఫేట్‌లతో అయినవి. మెట్లు క్షార జంటలు. అడినిన్‌కు థైమిన్ జోడీ, గ్వానిన్‌కు సైటోసిన్ జోడీ. నిచ్చెన మొత్తం లావు 2 నానోమీటర్లు, మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం 0.34 నానోమీటర్లు. ఈ మెట్లు బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి పేర్చిన రూపాయి బిళ్ళల్లా ఊహించుకోండి. ప్రతి బిళ్ళకూ పైనా కిందా ఎలక్ట్రాన్ల మబ్బు ఉంటుంది. పై బిళ్ళ మబ్బు, కింది బిళ్ళ మబ్బు ఆనుకుంటే ఎలక్ట్రాను ఒకదాని నుంచి మరోదానికి జారే వీలుంటుంది. ఈ దారిన కరెంటు పోవచ్చునని 1962లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఎలీ, స్పైవీ అనే ఇద్దరు ప్రతిపాదించారు. తాము కొలిచింది పొడి స్థితిలో ఉన్న న్యూక్లిక్ ఆమ్లాన్ని అని వ్యాసం శీర్షికలోనే రాశారు. ఆ "పొడి" అన్న మాటను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

ఒక చిన్న వివరణ. డీఎన్ఏలో సాధారణంగా నడిచేది ఎలక్ట్రాను ఖాళీ చేసిన చోటు. ఈ హాల్లో ముందు వరుసలో ఒకరు లేచి వెళ్ళారనుకోండి. వెనక వరుసవారు ముందుకు జరిగి ఆ కుర్చీలో కూర్చుంటారు, వారి వెనకవారు వారి కుర్చీలోకి వస్తారు. మనుషులు ముందుకు జరుగుతుంటే ఖాళీ కుర్చీ వెనక్కి ప్రయాణం చేస్తుంది. ఆ ఖాళీకి ధనావేశం ఉంటుంది. నాలుగు క్షారాల్లో గ్వానిన్ అందరికంటే తేలిగ్గా ఎలక్ట్రాను ఇచ్చేస్తుంది. అందువల్ల ఆ ఖాళీకి గ్వానిన్ అంటే మక్కువ ఎక్కువ.

ఇక కొలతల సంగతి. 1993లో అమెరికాలోని కాల్‌టెక్‌కు చెందిన జాక్వెలిన్ బార్టన్ బృందం, కాంతి సాయంతో ఎలక్ట్రాను డీఎన్ఏ గుండా 4 నానోమీటర్లకు మించి వేగంగా ప్రయాణించినట్టు చూపింది. 1999లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఫింక్, షోనెన్‌బెర్గర్ డీఎన్ఏ పోగులను శూన్యంలో కొలిచి, మంచి అర్ధవాహకంతో పోల్చదగినదన్నారు. 2000లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో పోరత్, డెక్కర్ బృందం 10.4 నానోమీటర్ల డీఎన్ఏను రెండు లోహపు కొనల మధ్య పెట్టి కొలిస్తే, కొంత వోల్టేజీ దాటేదాకా కరెంటు పోలేదు, ఆ తర్వాత పోయింది. మరుసటి ఏడాది అదే డెల్ఫ్ట్‌లో 40 నానోమీటర్లు, అంతకు మించిన పొడవున్న డీఎన్ఏను కొలిస్తే నిరోధం 10 లక్షల కోట్ల ఓములకు పైనే ఉందని తేలింది. అంటే శుద్ధ బంధకం. అదే 2001లో ఇంకో బృందం, అతిశీతల స్థితిలో దానిలో అతివాహకత ఛాయలు కనిపించాయన్నది. వాహకం, అర్ధవాహకం, బంధకం, అతివాహకం! మన పుస్తకంలో ఎన్ని గళ్ళున్నాయో అన్నింటిలోనూ ఒకే పదార్థం పేరు చేరింది.

వీళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. డీఎన్ఏ పొడవు వేరు, అక్షరాల వరుస వేరు, లోహంతో అతుకు వేసిన తీరు వేరు. వీటన్నిటితో పాటు, డీఎన్ఏ చుట్టూ ఉన్న పరిసరం వేరు. ఒకరు శూన్యంలో కొలిచారు, ఒకరు గాలిలో, ఒకరు నీటిలో. ఆ పరిసరం ఏమేం చేస్తుందో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, నీరు డీఎన్ఏకు ఆకారం ఇస్తుంది. 1952లో లండన్‌లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఎక్స్‌రే బొమ్మలు తీసేటప్పుడు కెమెరాలోని తేమను ఎంతో ఓపికగా అదుపులో పెట్టారు. తేమ సుమారు 75 శాతం ఉన్నప్పుడు డీఎన్ఏ పోగు పొట్టిగా, లావుగా ఒక రూపంలో ఉంది. 92 శాతానికి చేరినప్పుడు సాగి, సన్నబడి మరో రూపంలోకి మారింది. మొదటిదానికి ఏ రూపమని, రెండోదానికి బీ రూపమని పేర్లు పెట్టారు. మన ఒంట్లో ప్రధానంగా ఉండేది బీ రూపం. నిచ్చెన ఆకారాన్ని పట్టిచ్చిన ఆ ప్రసిద్ధమైన ఫోటో బీ రూపానిదే. తేమను పట్టించుకోకుండా రెండు రూపాలనూ కలిపి ఫోటో తీసి ఉంటే అలుక్కుపోయిన బొమ్మ వచ్చేది. ఇంకా ఆరబెడితే మెట్ల వరుసే చెదిరిపోతుంది. గాజు లాంటి గట్టి ఉపరితలం మీద ఆరిపోయి అతుక్కున్న డీఎన్ఏ 2 నానోమీటర్ల ఎత్తుకు బదులు అందులో సగమో, అంతకన్నా తక్కువో ఎత్తు చూపుతుంది. అంటే చపాతీలా అణిగిపోయిందన్నమాట. బిళ్ళలు చెల్లాచెదురైతే మబ్బులు ఆనుకోవు, దారి తెగిపోతుంది. పొడి స్థితిలో కొలిచి "డీఎన్ఏ బంధకం" అంటే, ఆ మాట వర్తించేది అణిగిపోయిన డీఎన్ఏకే.

రెండవది, నీరూ ఉప్పూ కలిసి ఆవేశాన్ని మోస్తాయి. ప్రతి మెట్టుకూ రెండు పక్కలా రెండు ఫాస్ఫేట్‌లు, ఒక్కోదానికి ఒక్కో రుణావేశం. 0.34 నానోమీటర్లలో రెండు రుణావేశాలు ఇరుక్కుంటే ఒకదాన్నొకటి ఎంత గట్టిగా నెట్టుకోవాలి! నీరు ఆ నెట్టుడును సుమారు 80వ వంతుకు తగ్గిస్తుంది. నీటి రోధక స్థిరాంకం 80 దరిదాపుల్లో ఉంటుందని ఇంటర్‌లో చదివిన అంకె ఇక్కడ అక్కరకు వస్తుంది. మిగతా పని సోడియం వంటి ధన అయాన్లది. అవి డీఎన్ఏ చుట్టూ మబ్బులా మూగుతాయి. 1969లో జెరాల్డ్ మానింగ్ వేసిన లెక్క ప్రకారం, మామూలు ఉప్పునీటిలో ఆ రుణావేశంలో ముప్పాతిక వంతును ఈ అయాన్లే కప్పేస్తాయి.

మూడవది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం. నీటిలో ఆల్కహాల్ కలుపుతూ పోతే డీఎన్ఏ చుట్టూ నీరు కరువై, బీ రూపం నుంచి ఏ రూపానికి మారుతుంది. 2015లో అమెరికాలో హిహాత్, అనంతరామ్ బృందాలు ఇలా ఇథనాల్ కలిపి ఒక్కొక్క డీఎన్ఏ అణువు వాహకతను కొలిచాయి. ఏ రూపంలోకి మారగానే వాహకత దాదాపు పదింతలైంది. డీఎన్ఏలోని ఒక్క అక్షరం మారలేదు, అతుకులు మారలేదు. ద్రావణి మారింది. దాంతో మెట్ల వాలు మారి, గ్వానిన్ మబ్బులు ఒకదానిపై ఒకటి ఆనే తీరు మారింది. ద్రావణి ప్రభావం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈ ఒక్క ప్రయోగం చెబితే చాలు.

నాలుగవ పనిలో నీరు అడ్డుపుల్ల వేస్తుంది. పెళ్ళి పందిట్లోకి ఎమ్మెల్యేగారు వచ్చారనుకోండి. అందరి మొహాలూ అటు తిరుగుతాయి. చుట్టూ జనం మూగుతారు. ఆయన నాలుగడుగులు వేయాలంటే ఆ గుంపంతా సర్దుకోవాలి. డీఎన్ఏలో ధనావేశం ఉన్న ఖాళీకి కూడా ఇదే తిప్పలు. చుట్టుపక్కల నీటి అణువులు తమ ఆక్సిజన్ వైపును దాని వైపు తిప్పుకుని నిలబడతాయి. దానితో ఖాళీ ఉన్నచోటే స్థిరపడుతుంది. ముందుకు జరగాలంటే నీరు కొత్తచోట మళ్ళీ సర్దుకోవాలి. మామూలు నీటిలో అణువులు ఇలా మొహం తిప్పుకోవడానికి సుమారు 8 పికోసెకన్లు పడుతుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. మనకది రెప్పపాటులో రెప్పపాటు. ఎలక్ట్రానుకు అది సుదీర్ఘ నిరీక్షణ. ద్రావణి సర్దుకోవడానికి అయ్యే ఈ ఖర్చును ఎలక్ట్రాను బదిలీ లెక్కల్లోకి తెచ్చినవారు రుడాల్ఫ్ మార్కస్. 1956లో మొదలుపెట్టిన ఆ సిద్ధాంతానికి 1992లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ నీటి గుంపు లెక్కను డీఎన్ఏకు వర్తింపజేసిన ఎస్తర్ కాన్వెల్ గారి గురించి ఒక్క మాట చెప్పాలి, ముఖ్యంగా ఇక్కడున్న ఆడపిల్లల కోసం. ఆమె 1922లో పుట్టారు. 1940లలో ఒక కంపెనీ ఆమెను సహాయ ఇంజనీరుగా తీసుకుంది. ఆ హోదాలో ఆడవాళ్ళకు జీతాల పట్టీలో కోడ్ లేదని చెప్పి, "ఇంజనీరు సహాయకురాలు" అని మార్చి జీతం తగ్గించింది. ఆమె 1950లో వైస్‌కాఫ్‌తో కలిసి, అర్ధవాహకంలో అశుద్ధ అయాన్లు ఎలక్ట్రాన్లను ఎలా దారి తప్పిస్తాయో సూత్రం ఇచ్చారు. ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతివాడూ ఆ పేరు వినే ఉంటాడు. అదే మనిషి 2002లో, 80 ఏళ్ళ వయసులో, బాస్కోతో కలిసి డీఎన్ఏలో ఖాళీ నడకను నీరు ఎలా బంధిస్తుందో లెక్కగట్టారు. పదవీ విరమణ దగ్గర పడుతున్న నా ఈడు వాళ్ళం కూడా ఇది వినాలి.

ఐదవది, అయాన్లు గేటు వేస్తాయి, తీస్తాయి. 2001లో అమెరికాలోని జార్జియా టెక్‌కు చెందిన బార్నెట్, లాండ్‌మన్, షూస్టర్ బృందం చూపినదేమంటే, డీఎన్ఏను ఆనుకుని తిరిగే సోడియం అయాన్లు, నీటి అణువులు ఎక్కడ నిలబడ్డాయన్న దాన్ని బట్టి ఖాళీ ఎక్కడ ఉండగలదో, ముందుకు పోగలదో లేదో తేలుతుంది. రైల్వే గేటు దగ్గర బస్సు ఆగినట్టు ఆగుతుంది. గేటు లేచినప్పుడు కదులుతుంది. గేట్‌మన్ సోడియం అయాను, అతనికి టైంటేబుల్ లేదు.

ఇక ఆరవది, అసలు చిక్కు. నీరు తానే కరెంటును మోస్తుంది. ఉప్పు అయాన్లు, నీటిలోని ప్రోటాన్లు డీఎన్ఏ మీది నీటి పొర వెంట నడవగలవు. గాలిలో తేమ పెరిగేకొద్దీ డీఎన్ఏ పొరల గుండా కరెంటు అమాంతం, ఎన్నో రెట్లు పెరగడం పలు ప్రయోగాల్లో కనిపించింది. అది డీఎన్ఏ లోపలి దారి బాగుపడినందుకా, లేక పైనున్న తడి వల్లా? పింగాణీ లోపల పోయిందా, పింగాణీ మీద పోయిందా? నా ఉద్యోగంలో రోజూ ఎదురైన ప్రశ్నే.

దీనికి లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇచ్చిన జవాబు ఆదర్శప్రాయమైనది. 2000లో అక్కడ గ్రూనర్ ప్రయోగశాల మైక్రోవేవ్ తరంగాలతో కొలిచి, డీఎన్ఏ వెంట ఆవేశం ప్రయాణిస్తున్నట్టు రాసింది. తర్వాత అదే ప్రయోగశాల తేమను రకరకాలుగా మార్చి, జంటపోగు డీఎన్ఏతో పాటు ఒంటిపోగు డీఎన్ఏను కూడా మిల్లీమీటరు తరంగాలతో కొలిచింది. ఆ తరంగాల శక్తిని తీసుకుంటున్నది చాలావరకు చుట్టూ ఉన్న నీటి అణువులేనని, డీఎన్ఏ తనంతట తాను మోస్తున్న దాఖలా ఆ కొలతలో లేదని 2004లో ప్రకటించింది. ఇంట్లో మైక్రోవేవ్ పొయ్యి అన్నాన్ని ఎలా వేడి చేస్తుందో, ఇదీ దాదాపు అలాంటిదే. నాలుగేళ్ళ కిందటి తమ మాటను తామే పరీక్షకు పెట్టుకుని, కొత్త మాటను అచ్చులో పెట్టారు. "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అన్నారు మన పెద్దలు. నిజాన్ని దేవుడికి వదిలేయకుండా నీటిని ఆరబెట్టీ, తడిపీ చూడటమే ప్రయోగశాల చేసే పని.

మరైతే డీఎన్ఏ గుండా ఏమీ పోదా? పోతుంది. అది నీటి లీలేనని కొట్టిపారేయడానికి వీల్లేని పరీక్షలు వచ్చాయి. వాటి వెనకున్న తర్కం ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. నీటి పొర మోస్తుంటే, లోపలి అక్షరం ఒకటి మారినా దానికి లెక్కలేదు. లోపలి దారి మోస్తుంటే, ఒక్క మెట్టు వంకర పోయినా కరెంటు పడిపోవాలి. కాబట్టి ఒక్క అక్షరం మార్చి చూడు.

2004లో అరిజోనాలో తావో బృందం డీఎన్ఏను నీటిలోనే ఉంచి, బంగారు సూదిని తాకిస్తూ తీస్తూ కొలిచింది. ద్రావణంలోని అయాన్ల కరెంటు కొలతలో కలవకుండా సూదికి కొన తప్ప మిగతాదంతా మైనపు పూత వేశారు. ఎనిమిది గ్వానిన్-సైటోసిన్ మెట్ల డీఎన్ఏకు నిరోధం సుమారు కోటి ఓములు వచ్చింది. మెట్లు పెంచితే వాహకత ఆ దామాషాలోనే తగ్గింది. నడుమ అడినిన్-థైమిన్ మెట్లు చొప్పిస్తే మాత్రం ఒక్కో మెట్టుకూ గబగబా పడిపోయింది. 2008లో కొలంబియా విశ్వవిద్యాలయం, బార్టన్ బృందం కలిసి ఒక కార్బన్ నానోట్యూబును మధ్యలో తెంపి, ఆ సందులో 15 మెట్ల డీఎన్ఏను వంతెనలా కట్టారు. నిరోధం లక్ష నుంచి 50 లక్షల ఓముల మధ్య వచ్చింది. ఒక్క మెట్టులో జోడీ తప్పించి పెడితే నిరోధం సుమారు 300 రెట్లు పెరిగింది. ఒక నిర్దిష్ట అక్షరాల వరుసను గుర్తుపట్టి కత్తిరించే ఎంజైమును వదిలితే, అది వంతెనను కత్తిరించింది, కరెంటు ఆగింది. ఆ ఎంజైము డీఎన్ఏను సరైన రూపంలో ఉంటేనే గుర్తుపడుతుంది. అంటే కొలిచింది చపాతీ అయిన డీఎన్ఏను కాదని కూడా అదే సాక్ష్యం చెప్పింది.

కాబట్టి ఇవాళ నిలబడిన మాట ఇది. సరైన నీటిలో, సరైన ఆకారంలో, కొద్ది నానోమీటర్ల దూరం డీఎన్ఏ ఆవేశాన్ని మోస్తుంది. రాగితీగలా మోయదు. ఎంత మోస్తుందన్నది అక్షరాల మీద, నీటి మీద, అయాన్ల మీద ఆధారపడి ఉంటుంది. నీరే ఆకారం ఇస్తుంది, నీరే నడకకు అడ్డం పడుతుంది, నీరే తాను మోసి మనల్ని మభ్యపెడుతుంది.

దీనివల్ల ఒరిగేదేమిటని అడగవచ్చు. మన ఒక్కో కణంలో సుమారు 2 మీటర్ల డీఎన్ఏ ఉంది. అందులో రోజూ దెబ్బలు తగులుతుంటాయి. ఆక్సీకరణ దెబ్బ ఎక్కువగా గ్వానిన్ మీదే పడుతుంది, ఎందుకంటే ఖాళీ తిరిగి తిరిగి అక్కడే చేరుతుంది. ఆ దెబ్బలు బాగుచేయకుండా మిగిలిపోతే క్యాన్సరు దాకా పోవచ్చు. బాగుచేసే ప్రోటీన్లు కొన్నింటిలో ఇనుము, గంధకం కలిసిన చిన్న గుత్తులున్నాయి. మన లైన్‌మన్ టెస్టరు పెట్టి తెగినచోటు వెతికినట్టు, ఆ ప్రోటీన్లు డీఎన్ఏ వెంట ఎలక్ట్రానును పంపి చెడినచోటు వెతుకుతాయని బార్టన్ ప్రతిపాదించారు. దాని మీద వాదోపవాదాలు నడుస్తున్నాయి. ఒక్క అక్షరం తేడాను కరెంటుతో పట్టే పరీక్షా పరికరాల మీద కూడా పని జరుగుతోంది. రక్తంలోనో, లాలాజలంలోనో పనిచేయాల్సిన పరికరానికి చుట్టూ ఉన్న ఉప్పు, నీరు ఏం చేస్తాయో తెలియకపోతే, రోగం లేనివాడికి ఉందని, ఉన్నవాడికి లేదని చెబుతుంది.

ఇప్పుడు మన బడి మాట. మనం పదో తరగతిలో రాసిన ప్రయోగాల రికార్డు గుర్తుందా? ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, జాగ్రత్తలు, ఫలితం. ఫలితం మీద అందరికీ శ్రద్ధ. జాగ్రత్తలను పక్కవాడి పుస్తకంలోంచి ఎక్కించుకోవడమే రివాజు. నలభై ఏళ్ళు డీఎన్ఏ మీద నడిచిన తగాదా అంతా ఆ "జాగ్రత్తలు" అన్న శీర్షిక కిందికే వస్తుంది. తేమ ఎంత? ఉప్పు ఎంత? ఆరబెట్టావా, తడిపావా? నీరు మాత్రమే ఉంటే ఎంత వస్తుందో విడిగా కొలిచావా?

మన సైన్సు గదికి తాళం పడి కొన్నేళ్ళయింది. లోపల విరిగిన బెంచీలున్నాయి. ఇది ఎవరినో తప్పుపట్టడానికి చెప్పడం లేదు. స్వర్ణోత్సవ నిధి మొత్తం డిజిటల్ తరగతి గదులకే ఇవ్వాలన్న ప్రతిపాదన ముందుంది. తెరలు వద్దని నేను అనను. వేల మైళ్ళ దూరంలో జరిగిన డీఎన్ఏ ప్రయోగాన్ని పిల్లలకు చూపాలంటే తెరే దిక్కు. కానీ తెర మీద ప్రయోగం ప్రతిసారీ సరిగ్గానే వస్తుంది. రాసిన దువ్వెన కాగితం ముక్కల్ని ఎత్తుతుందని వీడియోలో చూసిన పిల్లవాడు, శ్రావణమాసంలో తాను చేస్తే ఎత్తదని ఎప్పుడు తెలుసుకుంటాడు? ఎత్తనప్పుడు "ఎందుకు ఎత్తలేదు మాస్టారూ?" అని అడుగుతాడు చూడండి, అక్కడే పాఠం మొదలవుతుంది. గాలిలోని తేమ దువ్వెన మీద పొరగా చేరి ఆవేశాన్ని జార్చేసింది. అది పింగాణీ కథే, డీఎన్ఏ కథే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక ప్రయోగం మనవి చేస్తాను. పూలు కట్టే నూలు దారం జానెడు ముక్క తీసుకోండి. రెండు కొనలకూ మల్టీమీటరు క్లిప్పులు తగిలించి, నిరోధాన్ని పెద్ద రేంజిలో చూడండి. పొడిగా ఉంటే మీటరు కొలవలేనంటుంది. డిస్టిల్డ్ వాటరుతో తడపండి, తర్వాత ఉప్పునీటితో తడపండి. అంకె ఎలా పడిపోతుందో పిల్లల చేతే రాయించండి. "కరెంటును మోసింది దారమా, నీరా?" అని అడగండి. తర్వాత నైలాను దారంతో చేయించండి. చివరికి ఉప్పునీటి దారంలో ఒక సన్నటి రాగి పోగు దాచి, కొలిచి, ఆ పోగును మధ్యలో తెంపి మళ్ళీ కొలవండి. తెంపితే అంకె మారింది కాబట్టి, అంతదాకా మోసింది లోపలి పోగు. 2008 నాటి ప్రయోగంలో ఒక్క మెట్టును చెడగొట్టి చూసిన తర్కం ఇదే. మీటరు లోపలున్న బ్యాటరీ చాలు. గోడ ప్లగ్గు జోలికి ఎవరూ వెళ్ళకూడదు. దీనికి కావలసిన మామూలు మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

అందువల్ల నా మనవి ఇది. నిధిలో ఒక భాగం, ఎంతన్నది మీరే నిర్ణయించండి, ఆ గది తాళం తీయడానికి కేటాయించండి. బల్లలు, కుళాయి, సింకు, పిల్లలు ఇద్దరికొకటి చొప్పున మల్టీమీటర్లు, గోడకు ఒక తేమ మీటరు. రోజూ ఉదయం ఒక పిల్లవాడు ఆ రోజు తేమ శాతాన్ని బోర్డు మీద తేదీ పక్కన రాయాలి. పరికరాలు పాడైతే మార్చడానికి ఏటా కొంత డబ్బు సంఘం తరఫున ఇవ్వాలి. లేకపోతే రెండేళ్ళలో మళ్ళీ తాళం పడుతుంది. మా బ్యాచ్ తరఫున మల్టీమీటర్లు మేము ఇస్తాం. నెలకొక శనివారం వచ్చి పిల్లలతో కూర్చునే బాధ్యత నేను తీసుకుంటాను.

  మధ్యాహ్నం తీర్మానం దగ్గర కలుద్దాం. సెలవు.